పటిక తిప్పిన బిందె

మా సందుకు ఏడేళ్లకోసారి వచ్చే నీళ్ల పరీక్ష బండి ఇవాళ వచ్చింది. కాలుష్య మండలికి ఫ్యాక్టరీల్లోకి వెళ్లే అధికారం తీసేసి, బడ్జెట్ కోసేశాక, జిల్లా మొత్తానికీ తనంతట తాను తిరుగుతూ మాట్లాడే ఈ ఒక్క బండే మిగిలింది. ఏ ఇంట్లో నీళ్లు చూడాలో చీటీలు తీస్తే మా ఇల్లు పడింది. నలభై ఇళ్ల సందుకు మా బిందె నీళ్లే సాక్ష్యం.

"నీళ్లు చూపియ్యక్కా," అంది బండి.

నాలుగేళ్ల నా బిడ్డ హవిషకు నల్లా నీళ్ల స్నానంతో ఒళ్లంతా దద్దుర్లే. "ముందు దీన్ని చూడు," అన్నాను.

"ఒళ్లు చూసే అధికారం నాకు లేదక్కా. తాగే బిందె ఒక్కటే."

బిందె చూపించాను. బండి అందులో గొట్టం ముంచి పచ్చ లైటు వెలిగించింది. "నీళ్లు మంచిగున్నయి."

పక్కింటి సాయవ్వ గొంతు లేపింది. "మంచిగున్నయా? నల్లా కింద గచ్చు ఎర్రగైంది, అది నాకి చూడు!"

అప్పుడు గుర్తొచ్చింది. రోజూలాగే పొద్దున బిందెలో పటిక తిప్పి, పాత చీర నాలుగు మడతలేసి వడగట్టాను. బిడ్డ కోసం చేసే పని. ఇవాళా చెయ్యి అలవాటుగా చేసేసింది.

"ఆగు, ఇవి పటిక తిప్పిన నీళ్లు! నల్లా నీళ్లు పట్టుకొస్తా!"

"ఒక్కసారేనక్కా. రెండోసారికి బడ్జెట్ లేదు."

బండి సందు దాటిపోయింది. సాయవ్వ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

హవిష దాహమంది. వచ్చే పరీక్ష నాటికి దానికి పదకొండేళ్లు వస్తాయి. నల్లా కింద బిందె పెట్టి, మళ్లీ పటిక ముక్క చేతిలోకి తీసుకున్నాను.