జలవాణి మాట

ప్రతి కుళాయికీ నీళ్ళు పరీక్షించి చెప్పే జలవాణి పెట్టె బిగించిన మూడేళ్ళకే కాలువగట్టు కాలనీలో నీళ్ళు కాచుకునే అలవాటు పోయింది. బిందె పట్టగానే "నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి సువర్చలమ్మా, తాగండి" అని అది పేరుపెట్టి చెప్పేది. కన్నబిడ్డలైనా అంత మర్యాదగా పిలవరని సువర్చల మురిసిపోయేది. అత్తగారు నీళ్ళు కాచబోతే, "దానికన్నా మీకెక్కువ తెలుసా?" అని ఆవిడ నోరు మూయించింది కూడా.

ఆ వర్షాకాలంలో అత్తగారికీ, ఆరేళ్ళ కూతురు మోక్షితకూ ఒకే వారంలో కామెర్లొచ్చి, ఇద్దరూ ఆసుపత్రిలో చేరారు.

"నీళ్ళే కారణం" అన్నాడు డాక్టరు.

సువర్చల నమ్మలేక, ఇంటికొచ్చి జలవాణినే అడిగింది. "నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి సువర్చలమ్మా" అంది అది, అదే తీయని గొంతుతో. మొదటిసారి ఆమెకు అనుమానం కలిగింది. బట్టలుతికిన మురికినీళ్ళు చెంబుతో తెచ్చి, పెట్టె కింద పరీక్షకని అమర్చిన గిన్నెలో పోసింది.

"నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి సువర్చలమ్మా, తాగండి."

మూడేళ్ళూ ఆ నీళ్ళే సువర్చల తన చేత్తో బిడ్డకు పట్టించింది. పెట్టెను పీకి వీధిలోకి విసిరేసింది. పక్కింటి పరిమళ పరిగెత్తుకొచ్చి, "అయ్యో, అదెందుకు అబద్ధమాడుద్ది వదినా?" అంది.

"మీదాన్లో కూడా మురికినీళ్ళు పోసి చూడు" అంది సువర్చల.

తర్వాత నీళ్ళు కాచి, చల్లార్చి, ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అత్తగారు గ్లాసు అందుకుని, వాసన చూసి, కోడలి ముఖంలోకి చూసింది.

"కాచానత్తయ్యా. నిజం."

"ముందు నువ్వు తాగమ్మా" అంది ఆవిడ.

సువర్చల తాగింది.