గద్దల వీడియో

“కదలకు హేమా, కదిలితే గద్దలు దిగవు!”

సాయిశంకర్ సంచిలోంచి కోడిపేగులు తీసి భార్య చక్రాల కుర్చీ ముందు విసిరాడు. కంపు గుప్పుమంది. కొండ కింద సముద్రం మీద తిరుగుతున్న గద్దలు ఒక్కసారిగా ఇటు మళ్లాయి.

హేమశ్రీ ముక్కు మూసుకుంది. “ఛీ! ఏటి బావా ఇది? సముద్రం సూపిత్తానని కదా తెచ్చావు?”

“సూడు, ఎవులొద్దన్నారు? కుర్చీలు ఎల్లడానికే కదా కొండ మీద ఈ బాట ఏసింది.”

యాక్సిడెంట్ తరువాత ఆసుపత్రికి కాకుండా ఆమె బయటికి రావడం ఇదే మొదలు. పొద్దున్నే పట్టుచీర కట్టించుకుంది.

ఓ గద్ద పేగు తన్నుకుపోతూ ఆమె చెవి పక్కనుంచి దూసుకెళ్లింది. జారిన ముక్క ఆమె ఒళ్లో పడింది. హేమశ్రీ కెవ్వుమని ఏడ్చింది.

“సూపర్! తుడుసుకోకు!” వీడియో తీస్తున్న ఫోను దించకుండానే అరిచాడు సాయిశంకర్. “సీర కొంచెం పైకి లాగు. ఆ సచ్చిన కాళ్లు కనబడితే జనానికి జాలేత్తాది. మన ఛానల్ ఎక్కడికో ఎల్లిపోద్ది.”

హేమశ్రీ ఏడుపు ఆగిపోయింది.

“గద్దల కోసం పేగులు తెచ్చావు. జనం కోసం నన్ను తెచ్చావా బావా?”

“మరి ఊరికే తెత్తారేటే, ఇంత దూరం?”

ఆమె పేగు ముక్కను చేత్తో తీసి అవతల పారేసింది. బ్రేకు వదిలి, చక్రాలు తానే తిప్పుకుంటూ బాట వెంట కదిలింది.

“ఏయ్, ఎక్కడికే? వీడియో అవనేదు!”

“సముద్రం సూడ్డానికి. ఎరగా నువ్వు కూకో.”