రాణమ్మ వంకర అల్లిక

"ఇందులో రాణి అల్లిందెంత?" ఆమె శవం మీద కప్పబోతున్న మొగలాకు చాపను తడుముతూ అడిగాడు దీవి రాజు.

సంతాపంగా నడుముకు చినిగిన చాప చుట్టుకున్న ఫూసీ, రాణి దగ్గర చాపలల్లే మనిషి, తల దించుకుంది. పక్కనే ఆమె అక్క లూపే.

"దాచడమెందుకు దొరా, రాణమ్మకు అల్లిక చేతకాదు. పొద్దున ఆవిడ అల్లిన వంకరంతా సాయంత్రం నేనూ అక్కా విప్పి మళ్ళీ అల్లేవాళ్ళం. చాటున నవ్వుకునేవాళ్ళం కూడా."

"మీ అక్కాచెల్లెళ్ళకు మాటల్లేవని విన్నానే?"

"అప్పటికి మాటలు మానేసి పదేళ్ళయింది దొరా. కానీ విప్పడం ఒక్కరి వల్ల అయ్యే పనా? రాణమ్మే ఇద్దర్నీ పిలిపించేవారు."

రాజు తన నడుముకున్న పాత చాప చూపించాడు. "మా పెళ్ళికి ఇది ఆమె ఒక్కతే అల్లింది."

ఫూసీ వెతికి వెతికి చూసింది. ఎక్కడా ఒక్క వంకర లేదు.

తన అక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది. "రేపట్నించి మనమేం విప్పుదామే, అక్కా?"