సొంత బండి

ఇంజను రెండుసార్లు దగ్గింది. గుప్పెడు నల్లపొగ కక్కింది. ఆ తర్వాత నిలకడగా ఆడసాగింది.

డ్రైవరు ఆనందం పట్టలేక చేతిలో స్పానరు కింద పడేశాడు. తలెత్తి చూస్తే షెడ్డు గుమ్మంలో బావమరిది.

చటుక్కున ఇంజను ఆపేశాడు.

బావమరిది వెనకాల డ్రైవరు భార్య నిలబడి ఉంది. చేతిలో టీ కప్పులు, మొహం నిండా నవ్వు.

"కోప్పడకండి. నేనే రమ్మన్నాను. ఇంత కష్టపడి బాగుచేశారు, మావాళ్ళలో ఒక్కరైనా చూడొద్దూ?"

ఎవరికీ చెప్పకు, ముఖ్యంగా మీ తమ్ముడికి చెప్పకు అని డ్రైవరు ఎంతగా బతిమాలాడు. "వాడికా? చచ్చినా చెప్పను లెండి" అని ఒట్టేసిన మనిషి ఈవిడేనా అనిపించింది.

చెప్పొద్దనడానికి కారణం కూడా దాచలేదు. పెళ్ళయిన కొత్తలోనే బావమరిది దగ్గర జీతానికి కుదిరాడు. వాడి లోడరే తోలాడు. ఒకరోజు ఏదో సలహా ఇవ్వబోతే, కూలీలందరి ముందూ వాడు, "బండి నాది బావా, నువ్వు తోలేవాడివి మాత్రమే" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ ముద్ద మింగుతుంటే గొంతుకు అడ్డం పడుతుంది.

"నాకూ ఒక సొంత బండి ఉండాలి. అది పనిలోకి దిగాకే వాడికి తెలియాలి" అన్నాడు భార్యతో. ఆమెకి కళ్ళనీళ్ళు తిరిగాయి. తమ్ముడి నోటికి తాళం లేదని ఆమెకీ తెలుసు.

స్కిడ్ లోడరంటే మరీ పెద్ద యంత్రమేం కాదు. ఒక మనిషి పట్టే బోను, ముందు ఒక బకెట్టు, రెండు చేతులకీ రెండు లీవర్లు. స్టీరింగు ఉండదు. ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. ఈ బండి మూతపడిన ఇటుకల బట్టీ వెనకాల టార్పాలిన్ కింద ఏళ్ళ తరబడి పడి ఉండేది. ఎలకలు వైర్లు కొరికేశాయి. ఇంజను బిగుసుకుపోయింది. తుక్కు కింద దొరికిందని చెప్పి లారీలో వేసి ఇంటికి తెచ్చాడు.

భార్య చుట్టూ తిరిగి చూసి, "దీన్ని తుక్కంటే తుక్కు చిన్నబుచ్చుకుంటుంది" అంది.

అన్నదే గానీ, ఆ రోజు నుంచీ ఆమెకీ అదే లోకమైంది. అతను నంబరు రేకు కింద తుప్పు ముదిరిందని గ్రైండరుతో చెక్కి పారేస్తుంటే కరెంటు తీగ పట్టుకుంది. చీకిపోయిన ఆయిలు గొట్టాలు మారుస్తుంటే టార్చి పట్టుకుంది. మొదట్లో పదమూడో నంబరు స్పానరు అడిగితే పన్నెండు అందించేది. పోనుపోను అడక్కుండానే సరైనది చేతిలో పెట్టింది. పసుపు రంగంతా గీకించి ఆకుపచ్చ వేస్తుంటే, బాగానే ఉంది, మిడతలా ఉంది అని నవ్వింది.

అలాంటి మనిషి ఇలా చేసింది.

రేపే మొదటి పని. కడుతున్న ఇంటి దగ్గర మట్టి ఎత్తాలి. ఒక్క రోజు ఓపిక పట్టలేకపోయింది. ఎంత కాపురం చేసినా పుట్టింటి వైపే మొగ్గింది. నమ్మి గుట్టు చెప్పుకుంటే నట్టేట ముంచింది. డ్రైవరు ఆమె ఇచ్చిన టీ తీసుకోలేదు. ఆమె మొహం వంక కూడా చూడలేదు.

"ఇంకా పని ఉందిరా. బ్యాటరీ వీకు. ఇంకోసారి వద్దువు గాని" అన్నాడు బావమరిదితో.

"ఉండు బావా, వచ్చినవాణ్ణి చూడనీ."

బావమరిది బండి చుట్టూ తిరిగాడు. బకెట్టు అంచు తడిమాడు. పాత పొగరు లేదు. కాంట్రాక్టులు చేజారిపోయాక మనిషి బాగా నీరసించాడు.

"రంగు బాగా కుదిరింది బావా. ఒకసారి కూర్చుంటాను."

వద్దనేలోపే వెళ్ళి కూర్చున్నాడు.

"కూర్చోనివ్వండి, అరిగిపోతుందా?" అంది భార్య.

డ్రైవరుకి సేఫ్టీ బార్ సంగతి గుర్తొచ్చి కాస్త ధైర్యం వచ్చింది. సీటు ముందు దించుకునే ఆ ఇనప కడ్డీ సరిగ్గా పడితేగాని ఈ బండ్లు కదలవు. ఈ బండి బార్ మరీ మొండిది. దించి, కొంచెం ఎత్తి, ఎడమకి తోస్తేనే పడుతుంది. డ్రైవరు చేతికి అది ఎంతగా అలవాటైపోయిందంటే, అన్నీ బాగుచేసినవాడికి అదొక లోపమని కూడా తోచలేదు. ఇప్పుడదే మంచిదైంది. చెప్పకపోతే వాడు కదిలించలేడు.

ఇంజను మోగింది. బావమరిది ఎటో చూస్తూ బార్ దించాడు. కొంచెం ఎత్తాడు. ఎడమకి తోశాడు.

బండి ఉన్నచోటే ఒక చుట్టు తిరిగింది. బకెట్టు మెత్తగా నేలకి ఆనింది. ఇంజను ఆగింది.

"చూశావా తమ్ముడూ, మీ బావ పనితనం?" అంది ఆమె గర్వంగా.

బావమరిది సీట్లోంచి దిగలేదు. లీవర్ల మీంచి చేతులు తీశాడు.

"బావా," అన్నాడు, "నా బండి యార్డులోంచి పోయినప్పుడు, నా వెనకాల బైకెక్కి నాతో పాటు ఊరూరా తిరిగి వెతికింది నువ్వే కదా."