పగ్గం

తెల్లారి అద్దంలో చూసుకుంటే గిరిజకు తన కుడికన్ను కనిపించలేదు. రెప్పలు రెండూ ఉబ్బి కలిసిపోయాయి. పైపెదవి బూరెలా పొంగింది.

"మళ్ళీనా?" అన్నాడు పట్టాభి మంచం మీద లేచి కూర్చుని. "ఇంకేముంది, ఈ రోజు కూడా బోణీ ఉండదు."

అతనిది కోసపాళయంలో పసుపు, కుంకుమ, గాజులు అమ్మే అంగడి. కొనేవాళ్ళంతా ఆడవాళ్ళే. పెళ్ళాం మొహం వాచేట్టు కొట్టేవాడి దగ్గర కుంకుమ ఎవరు కొంటారు?

ఈ చెడ్డపేరు నెల్లితోపులో ఉన్నప్పుడు లేదు. అక్కడ వాళ్ళ ఇల్లు తోట మధ్యలో విడిగా ఉండేది, పలకరించే దిక్కు లేదు. డెబ్భై తొమ్మిదిలో ఈ వీధికి కాపురం మార్చారు. ఇక్కడ గోడకు గోడ ఆనుకుని ఇళ్ళు. వచ్చిన మర్నాడే గిరిజ మొహం వాచింది. పక్కింటి కమలమ్మాళ్ కొళాయి దగ్గర ఆ మొహం చూసి, బిందె అక్కడే వదిలేసి నేరుగా ఇంట్లోకి వచ్చింది.

"ఏమప్పా, ఆడదాని మీదనా నీ పౌరుషం?" అంది పట్టాభితో. "ఇంక మీద దీపాలు పెట్టినాక ఈ తలుపు మూసేది లేదు. మేం పడుకునేదాకా తెరిచే ఉండాల. నేను మీ వాకిట తిన్నె మీదే కూచోనుంటా. లోపల ఒక్క సద్దు వినబడిందంటే వీధి వీధంతా వస్తాది, చూసుకో."

"ఆయన కొట్టలేదు పెద్దమ్మా. అదే వచ్చింది," అని గిరిజ నసిగింది.

నిప్పు లేనిదే పొగ రాదంది వీధి. పైగా ఆ వాపు ఒకసారితో పోయేది కాదు. రెండు మూడు నెలలకోసారి వచ్చేది. రెండు రోజులుండి, వచ్చిన దారినే పోయేది. వాచిన ప్రతిసారీ తిన్నె మీద కమలమ్మాళ్ పక్కన మరో ఇద్దరు చేరేవాళ్ళు. తెరిచిన తలుపులోంచి అన్ని కళ్ళూ చూస్తుండగా పట్టాభి తలవంచుకుని అన్నం తినేవాడు. ఆ వాపులకు అతను కారణం కాదు. ఆ సంగతి దేవుడికీ గిరిజకూ తెలుసు.

"ఈ ఇంటికొచ్చినాక ఒక్కసారైనా నీ మీద చెయ్యి చేసుకున్నానా? చెప్పు," అన్నాడు ఇప్పుడు.

"లేదు."

"మరి ఆ మాట వీధిలో నిలబడి గట్టిగా చెప్పేదానికి నీకేంది నొప్పి?"

గిరిజ చెంబు తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆసుపత్రికి పోదామని అతను ఎన్నిసార్లు అడిగినా ఆమె ఇలాగే తప్పించుకునేది. అదే తగ్గిపోతుందిలే అనేది.

ఆ రోజు మాత్రం అది తగ్గలేదు. మధ్యాహ్నానికి గొంతు బొంగురుపోయింది. ఊపిరి తీస్తే ఈల వేసినట్టు చప్పుడు. కమలమ్మాళ్ పరుగెత్తుకొచ్చి రిక్షా పిలిచింది.

"నువ్వొక్కడివే తీసకపోతే డాక్టరుకు ఏదో ఒక కత చెప్తావు," అని పట్టాభిని పక్కకు తోసి తనే ముందు ఎక్కి కూర్చుంది. అతను సైకిల్ మీద వెనకాలే వెళ్ళాడు.

ఆసుపత్రిలో సూదులు పొడిచారు, ప్లాస్మా ఎక్కించారు. మొత్తానికి గండం గడిచింది. రంగరాజన్ అనే కుర్ర డాక్టరు ఆమె రక్తాన్ని పరీక్షకు మద్రాసు పంపించాడు. జవాబు వచ్చేదాకా గిరిజకు ముద్ద దిగలేదు. అందులో ఏం తేలుతుందని నర్సును పదేపదే అడిగింది. ప్రాణభయం అనుకుని నర్సు ధైర్యం చెప్పింది.

జవాబు వచ్చిన రోజు కమలమ్మాళే ముందు అడిగింది. "దేంతో కొట్టినాడో తెలిసిందా సార్?"

"ఎవరూ కొట్టలేదమ్మా," అన్నాడు డాక్టరు. "మన రక్తంలో కాంప్లిమెంట్ అని ఒక కాపలా ఉంటుంది. క్రిములు వస్తే వాటి మీద పడుతుంది. ఆ కాపలాకు పగ్గం వేసి పట్టుకునే పదార్థం ఒకటి ఉండాలి. ఈమెకు పుట్టుకతోనే అది తక్కువ. పట్టుకునేది లేకపోతే కాపలా ఊరికే రేగుతుంది, ఒళ్ళు వాస్తుంది. మనసులో బెంగ ఉన్నా చాలు. అదే గొంతులో వస్తే ప్రాణాలే పోవచ్చు."

"మా నాయన అట్లే పోయినాడు," అంది గిరిజ మెల్లగా.

"కొత్తగా మాత్రలు వచ్చాయి. మానకుండా వేసుకుంటే ఈ వాపులు ఇక రావనే అనుకోండి."

కమలమ్మాళ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. వరండాలోకి వచ్చి పట్టాభి రెండు చేతులూ పట్టుకుంది. "నా నోరు పడిపోను. రెండేండ్లు నీ ఉసురు పోసుకున్నా నాయనా. వీధికి నేనే చెప్తా."

అన్నట్టే ఇంటింటికీ తిరిగి చెప్పింది. సాయంత్రానికి అంగడి ముందు ఆడవాళ్ళు మూగారు. అవసరం లేనివాళ్ళు కూడా కుంకుమ పొట్లం కట్టించుకున్నారు. పట్టాభి పంచె మీది వెడల్పాటి పచ్చబెల్టు సర్దుకుంటూ అందరికీ నవ్వుతూ పొట్లాలిచ్చాడు.

గిరిజ కమలమ్మాళ్ ఇంటికి వెళ్ళింది. "పెద్దమ్మా, మీరు తిన్నె మీద కూచోవడం మానొద్దు," అంది.

"ఇంకా ఎందుకమ్మా? మొగుడూ పెండ్లాల నడుమ నాకేం పని? చేసిన పాపం చాలదా?"

"ఊరికే... మాటలకు."

"పిచ్చిదానా, పో. పోయి మొగుడికి ఇంత అన్నం పెట్టు."

దీపాలు పెట్టేవేళకు తిన్నె ఖాళీగా ఉంది. పట్టాభి అంగడి కట్టేసి వచ్చాడు. మాత్ర వేసుకున్నావా అని అడిగాడు. వేసుకున్నానంది. అతను వెనక్కి వెళ్ళి వీధితలుపు మూసి గడియ పెట్టాడు.

తరువాత, నెల్లితోపు ఇంట్లో రోజూ చేసినట్టే, నడుముకున్న పచ్చబెల్టు విప్పి చేతికి చుట్టుకున్నాడు.