చిన్న తెరలో బావమరిది

నిచ్చెన ఎలా ఎక్కాలో నేర్పడానికి ఒక వీడియో, అందులో పాఠం చెప్పే మొనగాడు తన బావమరిది! ఫ్యాక్టరీ ఆఫీసులో రాత్రి ఒంటరిగా కూర్చుని, ఆ శిక్షణ వీడియోలను కార్మికుల జేబు ప్లేయర్లలో ఆడేలా మారుస్తున్న ఎడిటర్‌కు ఒళ్లు మండిపోయింది.

"కోతిక్కూడా తెలుసురా ఇది," అని తెర వంక చూసి పకపకా నవ్వాడు.

మార్చిన ఫైలును చిన్న ప్లేయర్లో పెట్టి చూశాడు. నిచ్చెన మీద చెయ్యి వేసి బావమరిది ఆగిపోయాడు. వీడియో మాత్రం ఆగలేదు. అతని పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. అసలు వీడియోలో ఈ ముక్క లేదు. ఎవరో నవ్వు ఆపేదాకా ఓపిగ్గా కాచుకున్నట్టు నిలబడి ఉన్నాడు.

"వెధవ వేషాలు," అని ప్లేయర్ కట్టేసి, బావమరిదికి ఫోన్ చేశాడు. "ఏరా, పాఠం మరిచిపోయి మధ్యలో గుడ్లప్పగించి నిలబడ్డావేంటి?"

"నేనెక్కడా ఆగలేదు బావా," అన్నాడతను నిద్రమత్తులో. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు: "బావా, నీ వెనక నా గొంతుతో పాఠం చెప్తున్నదెవరు?"

ఎడిటర్ చెవులు రిక్కించాడు. గదిలో చీమ చిటుక్కుమన్న చప్పుడైనా లేదు. వెనక్కి తిరిగి చూడటానికి మాత్రం ధైర్యం చాలలేదు.