రాణీమహల్ కాపలా

చంద్రగిరి కోట గేటు దగ్గర ఆటో దిగినప్పటి నుంచి మునిశేఖర్ కళ్లు ఒకచోట నిలవడం లేదు. టికెట్ల వరుసలో ఉన్నవాళ్లను చూశాడు. కొబ్బరిబోండాల బండి చుట్టూ ఉన్నవాళ్లను చూశాడు. బండ్లు నిలిపే చోటికి పోయి, బుల్లెట్ బండి ఏదైనా ఉందేమోనని వెతికొచ్చాడు. లేదు.

"మనం సూడను వచ్చింది మ్యూజియం కదన్నా. నువ్వేంది మనుషుల్ని సూస్తా ఉండావు?" అంది చెల్లెలు ధరణి.

"నువ్వు బొమ్మల్ని సూడు. నేను సూడాల్సింది నేను సూస్తా."

అతను వెతుకుతున్నది ఒక మీసం కోసం.

ఆ మీసం ధరణి మొగుడు ఢిల్లీబాబుది. ఊరు పూతలపట్టు, తిరిగేది బుల్లెట్ మీద. మాటకు ముందొకసారి, మాటయ్యాక ఒకసారి దాన్ని మెలితిప్పడం అతని అలవాటు. మాఘమాసంలో అతని చెల్లెలి పెళ్లిలో మునిశేఖర్‌కు మొదటి బంతిలో ఆకు వేయలేదు. మూడో బంతిలో కూర్చోబెట్టారు. అప్పటికి వడలు అయిపోయాయి. మునిశేఖర్ తినకుండానే లేచి వచ్చేశాడు. ఉగాదికని చెల్లెల్ని తిరుపతికి పిలిచాడు. గంగ జాతర వచ్చినా తిరిగి పంపలేదు.

"మీసం తీసేసి నా ముందరకు రమ్మను. అప్పుడు పంపిస్తా" అని పెద్దమనుషులతో కబురు చేశాడు.

"తలైనా ఇస్తాగానీ మీసం తియ్యను" అని అవతలి నుంచి జవాబొచ్చింది.

మధ్యలో ధరణి చిక్కి సగమైంది. మునిశేఖర్‌కు అది కనపడక కాదు. కానీ మాట అనేశాడు. ఇప్పుడు తగ్గితే నలుగురిలో తలెత్తుకుని తిరగడం ఎట్లా?

అందుకే మూడు రోజులుగా "ఇంట్లో ఊపిరాడడం లేదు, కోట సూపించన్నా" అని చెల్లెలు వెంటపడితే మొగుణ్ణి కలవడానికేమోనని అనుమానం వచ్చింది. పనికి సెలవు పెట్టి తానే బయల్దేరాడు. దారంతా జాతర రద్దీ. తప్పెట్లు, ఒంటినిండా బొగ్గు పూసుకున్న పిల్లలు, మొక్కు తీర్చుకోవడానికి చీరలు కట్టి పూలు పెట్టుకున్న మగవాళ్లు. ఆటో కదలడానికే గంట పట్టింది.

మనుషుల్ని పోల్చుకోవడంలో మునిశేఖర్ ఆషామాషీ మనిషి కాడు. పదిహేనేళ్లుగా లాడ్జిలో ఆధార్ కార్డునూ మొహాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తున్నవాడు. పొద్దున జుట్టుతో గది తీసుకుని, సాయంత్రం కొండ మీద గుండు గీయించుకుని దిగినవాళ్లను కూడా పేరు పెట్టి పిలిచి తాళం చేతికిస్తాడు.

రాజమహల్ లోపల ధరణి ఒక్కో విగ్రహం ముందూ నిలబడి బోర్డు చదివింది. మునిశేఖర్ ఒక్క కత్తినీ చూడలేదు, ఒక్క నాణేన్నీ చూడలేదు. గాజు పెట్టెల్లో వెనక వచ్చేవాళ్ల నీడలు చూశాడు. రెండు మీసాలు అనుమానంగా కనిపించాయి. దగ్గరికి పోతే ఒకాయన తమిళం మాట్లాడాడు, ఇంకొకాయన మనవణ్ణి చంకనేసుకుని ఉన్నాడు.

"ఒకప్పుడు ఇదే రాజధాని అంటన్నా."

"అయితే కానీ. బిన్నా సూడు, టైమైపోతా ఉంది."

రాణీమహల్ మెట్ల మీద పసుపు చీర కట్టుకున్న ఆవిడ ఒకతె ఒంటరిగా కూర్చుని ఉంది. మొహం నిండా పసుపు, చేతుల నిండా గాజులు. ధరణి పోయి పక్కన కూర్చుంది. ఆడవాళ్ల మధ్య తానెందుకని మునిశేఖర్ దూరంగా నీడన నిలబడ్డాడు. మాటలు వినపడలేదు. కాసేపటికి ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ధరణి కూడా ఏడ్చింది. ఎవరో పాపం, తన చెల్లెలి లాగే కష్టంలో ఉన్న మనిషి అనుకున్నాడు.

రెండు గ్లాసుల మజ్జిగ కొని తీసుకుపోయాడు. అతన్ని చూడగానే ఆవిడ చటుక్కున కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని తల వంచుకుంది. పరాయి మగాడికి ఇట్లా సిగ్గుపడే ఆడవాళ్లు ఈ కాలంలో ఉన్నారా అని మునిశేఖర్‌కు ముచ్చటేసింది.

"అక్కా, ఇది నా చెల్లెలు. మొగుడు మొగుడు అని రెండు నెల్లుగా సరిగ్గా కూడు తినడంలే. నువ్వన్నా నాలుగు మంచిమాటలు చెప్పు."

ఆవిడ తల ఊపింది.

"పెండ్లాం కావాల్నంటే మీసం అడ్డమా వానికి? నేనడిగింది న్యాయమా కాదా, నువ్వే చెప్పక్కా."

ఆవిడ ఇంకా గట్టిగా తల ఊపింది. మునిశేఖర్ కడుపు చల్లబడింది. ఈ రెండు నెలల్లో ఇంట్లోవాళ్లు కూడా తనవైపు ఇట్లా తల ఊపలేదు.

"అయితే మహలంతా తిప్పి సూపించక్కా దీనికి. నేను గేటు కాడ ఉంటా. ఆ మీసమోడు నన్ను దాటి ఎట్లొస్తాడో సూస్తా."

ఎండలో గంటన్నర నిలబడ్డాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. లోపలికి పోయే ఒక్క మీసాన్నీ వదల్లేదు. ఢిల్లీబాబు రాలేదు. ఇక రాడులే అనుకున్నాడు. అనుకోగానే ఎందుకో దిగులేసింది. కట్టుకున్న దాని కోసం నాలుగు వెంట్రుకలు వదులుకోలేని వాడికా బంగారం లాంటి చెల్లెల్ని ఇచ్చింది?

కోట మూసే వేళైంది, కాపలావాళ్లు ఈలలు వేసి జనాన్ని బయటికి పంపుతున్నారు. ఆ గుంపులో ధరణి కనపడలేదు. మునిశేఖర్ కంగారుగా లోపలికి పోబోతుంటే పక్కనే స్కూటర్ హారన్ మోగింది. నడుపుతున్నది పసుపు చీర ఆవిడ. వెనక ధరణి కూర్చుని ఉంది. రెండు నెలల తర్వాత ఆ మొహంలో నవ్వు కనపడింది.

"అన్నా, పూతలపట్టుకు పోతా ఉండా. నీ మాట నిలబడిందిలే."

ఏ మాటో మునిశేఖర్‌కు అర్థం కాలేదు. ఈమెతో పూతలపట్టుకు పోవడమేంటి అని అడగబోయాడు.

ఇంతలో గాలికి కొంగు జారగా, పసుపు చీరలోని మనిషి అలవాటు కొద్దీ పైపెదవి మీదికి చెయ్యి పోనిచ్చి, మెలితిప్పడానికి అక్కడేమీ దొరక్క, "పోయొస్తాం బావా" అన్నాడు.